రిజిస్టర్‌లో అరవై మంది, నెట్‌లో నలుగురు

ప్రశ్న: మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణం. మా హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదా కోసం నడుపుకునే రేడియో) క్లబ్బు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. రిజిస్టర్‌లో అరవై మందికి పైగా ఉన్నారు. ఒకప్పుడు 7 మెగాహెర్ట్జ్‌లో సాయంత్రం నెట్‌కి, అంటే అందరూ ఒకే వేళకి రేడియోలో కలుసుకునే సమావేశానికి, పాతిక మంది వచ్చేవారు. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకి పిలిస్తే పలికేది నలుగురు. రెండు మీటర్ల బ్యాండ్ (145 మెగాహెర్ట్జ్ ప్రాంతం) రిపీటర్, అంటే సిగ్నల్‌ని అందుకుని మళ్లీ దూరానికి పంపే పరికరం, రెండు వేసవుల నుంచి సరిగా పనిచేయడం లేదు. కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్న పిల్లలు ఒకటి రెండుసార్లు పలికి మాయమవుతున్నారు. కుర్రాళ్లంతా కంప్యూటర్ మోడ్‌లలో (గొంతుకి బదులు కంప్యూటర్‌తో సందేశాలు పంపే పద్ధతుల్లో) పడి మైకు మరిచిపోయారని పెద్దవాళ్ల కోపం. చందాలేసుకుని కొత్త రిపీటర్ కొందామని కొందరు, సభ్యుల్ని చేర్పించే కార్యక్రమం పెడదామని కొందరు, మూసేద్దామని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?
— క్లబ్ కార్యదర్శి

సమాధానం: కార్యదర్శి గారూ, మూసేయొద్దు. అలాగని కొత్త రిపీటర్‌కి చందాలు ఇప్పుడే మొదలుపెట్టొద్దు. సభ్యుల్ని చేర్పించే మాట అసలే వద్దు. పిలిస్తే పలికే గొంతు లేని చోటికి ఇంకో ఇరవై మందిని తీసుకొస్తే వాళ్లు కూడా మూడు నెలల్లో రిజిస్టర్‌లో పేర్లుగా మిగులుతారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘ఒకటి రెండుసార్లు పలికి మాయమవుతున్నారు’ అన్నది. కొత్తవాళ్లు పిలిస్తే జవాబు రావాలి. అందుకు జవాబిచ్చేవాళ్ల యాంటెన్నా పైన ఉండాలి, నెట్ వినబడే వేళలో ఉండాలి, నెట్‌కి వస్తే చేయడానికి ఏదో ఒక పని ఉండాలి. ఈ వరుసలోనే పొమ్మని మా సలహా.

ముందు రిజిస్టర్ తీసి అరవై మందికీ ఫోన్ చేయండి. ‘ఎందుకు రావడం లేదండీ’ అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే మొహమాటంతో ఏదో ఒక సాకు చెప్తారు, వచ్చే వారం తప్పకుండా వస్తామంటారు, రారు. ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ యాంటెన్నా ఇప్పుడు పైన ఉందా?’ పలకని వాళ్లలో చాలామందికి ఇష్టం పోయి కాదు. గాలివానకి తీగ తెగింది, ఇల్లు కట్టేటప్పుడు కడ్డీ దింపారు, అపార్ట్‌మెంట్‌కి మారారు, సెట్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కోయాక్స్ కేబుల్‌ని ఎలుకలు కొరికాయి. సెట్ బీరువాలో భద్రంగానే ఉంటుంది. జవాబుల్ని బట్టి పేర్లు మూడు వరుసల్లో రాసుకోండి. నెల రోజుల్లో ఒక్కసారైనా పలికినవాళ్లు ఒక వరుస, సెట్ ఉండి యాంటెన్నా లేనివాళ్లు రెండో వరుస, సెట్టూ లైసెన్సూ రెండూ వదిలేసినవాళ్లు మూడో వరుస. మీ క్లబ్బు బలమంతా రెండో వరుసలో ఉంది. అందులో పది మంది దొరికితే నెట్ మళ్లీ నిలబడుతుంది. మూడో వరుసని ఈ ఏడాదికి వదిలేయండి.

ఇక ఆదివారానికి ఒక ఇల్లు చొప్పున యాంటెన్నాలు పైకి లేపండి. నలుగురు చాలు. ఇంటికి ఒక సంచీ సర్దుకోండి: ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తొడుగు రాగి తీగ 22 మీటర్లు, నైలాన్ తాడు 30 మీటర్లు, ఆర్‌జీ-58 కేబుల్ 20 మీటర్లు, పీఎల్-259 ప్లగ్గులు రెండు, మధ్యలో పట్టు కోసం అరచేతి పొడుగు పీవీసీ పైపు ముక్క, సోల్డరింగ్ ఐరన్, రబ్బరు సీలింగ్ టేపు, యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో కొలిచే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ లేదా నానోవీఎన్‌ఏ. 7.1 మెగాహెర్ట్జ్‌కి హాఫ్‌వేవ్ డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా చాచిన తీగ యాంటెన్నా) లెక్క 143 భాగించు 7.1, అంటే మొత్తం 20.1 మీటర్లు, ఒక్కో చెయ్యి 10.05 మీటర్లు. తొడుగు ఉన్న తీగకి ఇంతకంటే కాస్త తక్కువే పడుతుంది. అయినా కోసేటప్పుడు 10.3 మీటర్లకి కోయండి, ఎత్తును బట్టీ చుట్టూ ఉన్న గోడల్ని బట్టీ లెక్క మారుతుంది. ఒక్కో చెయ్యిలో 10 సెంటీమీటర్లు తగ్గిస్తే రెజొనెన్స్ (యాంటెన్నా సరిగ్గా కుదిరే ఫ్రీక్వెన్సీ) సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే పదిసార్లు ఎక్కి దిగే పని తప్పుతుంది: మొదటిసారి కొలిచినప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ 6.89 మెగాహెర్ట్జ్ దగ్గర కనిష్ఠంగా ఉందనుకోండి, 210 కిలోహెర్ట్జ్ పైకి తేవాలి, చెయ్యికి 30 సెంటీమీటర్లు తగ్గించాలి. ఆ ముక్కని కోసిపారేయకుండా వెనక్కి మడిచి తీగకే చుట్టండి, ఎక్కువ తగ్గించినట్టు తేలితే మళ్లీ విప్పుకోవచ్చు.

డాబా మీద ఒకే ఒక్క ఎత్తైన కడ్డీ ఉంటే తీగని తలకిందుల ‘వి’ ఆకారంలో దించండి. రెండు చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకి తగ్గకూడదు, కొసలు మనిషి చేతికి అందకూడదు. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు కొసల్లో వోల్టేజ్ ఎక్కువ ఉంటుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. స్థలం చాలకపోతే కొసల దగ్గర చివరి మీటరున్నర కిందికి వేలాడదీసినా పనిచేస్తుంది. ఒక విషయంలో మాత్రం రాజీ వద్దు: జీఐ పైపు ఎత్తే ముందు అది ఎటు పడినా, తీగ తెగి ఎటు ఊగినా కరెంటు తీగల్ని తాకనంత ఎడం ఉందో లేదో చూడండి. ఇంటి పక్కనే 11 కేవీ లైను ఉంటే ఆ ఇంట్లో కడ్డీ ఎత్తొద్దు, వేరే మార్గం చూడండి.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి రెండు మీటర్ల బ్యాండ్‌కి గ్రౌండ్‌ప్లేన్ అనే నిలువు యాంటెన్నా చేసిపెట్టండి. ఒక ఎస్‌ఓ-239 ప్యానెల్ సాకెట్, మధ్యలో నిలువుగా 49 సెంటీమీటర్ల రాగి లేదా ఇత్తడి కడ్డీ, నాలుగు మూలల రంధ్రాలకి 52 సెంటీమీటర్ల కడ్డీలు నాలుగు, వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే సెట్‌కీ కేబుల్‌కీ సరిపోయే 50 ఓమ్‌లకి దగ్గరగా వస్తుంది. సాకెట్ నడిబొడ్డున నీళ్లు దిగకుండా సిలికాన్ పూయాలి. పులుపు వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది, న్యూట్రల్ రకం అడిగి కొనండి. కేబుల్ విషయంలో పిసినారితనం ఇక్కడ పనికిరాదు. 145 మెగాహెర్ట్జ్‌లో ఆర్‌జీ-58 ఇరవై మీటర్లు వేస్తే సుమారు 4 డెసిబెల్స్ పోతాయి, సెట్ 10 వాట్లు ఇస్తే యాంటెన్నాకి చేరేది 4 వాట్లు. అదే ఆర్‌జీ-213 అయితే ఆరున్నర వాట్ల దాకా చేరతాయి. 7 మెగాహెర్ట్జ్‌లో ఈ తేడా లెక్కలోకి రాదు కాబట్టి మంచి కేబుల్‌ని అక్కడ వృథా చేయకండి. సముద్రం దగ్గర ఊళ్లలో కేబుల్ జల్లెడ, అంటే పై తొడుగు కింది రాగి అల్లిక, నల్లబడిందంటే లోపలికి ఉప్పునీరు చేరినట్టే. కొస కోసి చూడండి, మెరిసే రాగి కనబడేదాకా కోస్తూ పోండి. రెండు మీటర్లు కోసినా నలుపే ఉంటే ఆ కేబుల్ మార్చాలి.

నెట్ వేళ గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 7 మెగాహెర్ట్జ్‌లో పక్క జిల్లాతో మాట్లాడాలంటే సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, అయనోస్ఫియర్‌లోని (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న భాగం) ఎఫ్ పొరని తాకి, మళ్లీ మన నెత్తి మీదే పడాలి. నిలువుగా వచ్చిన సిగ్నల్‌ని ఆ పొర ఎంత ఫ్రీక్వెన్సీ దాకా వెనక్కి పంపగలదన్నది సూర్యుడి మీద ఆధారపడి ఉంటుంది. పొద్దుగూకాక ఆ హద్దు దిగుతూ పోతుంది. అది 7 కంటే కిందికి దిగగానే నిలువు సిగ్నల్ పొరని దాటి ఆకాశంలోకి పోతుంది, ఏటవాలుగా వెళ్లింది మాత్రం ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకి మీకు ఢిల్లీ, కోల్‌కతా స్టేషన్లు గట్టిగా వినబడుతూ రాజమండ్రిలో ఉన్నవారికి ఏలూరు వినబడడం లేదంటే జరుగుతున్నది ఇదే. మనుషులు రాకపోవడం కాదు, వచ్చినవాళ్లు ఒకరికొకరు వినబడకపోవడం. పైగా ఇది పదకొండేళ్ల సూర్యచక్రంతో మారుతుంది. 2014లో ఒక చక్రం గరిష్ఠానికి చేరింది, మళ్లీ 2024లో ఇంకోటి. అలాంటి ఏళ్లలో రాత్రి కూడా సాగిన నెట్, సూర్యుడు శాంతించిన ఏళ్లలో అదే వేళకి సాగదు. ఇప్పుడు చక్రం దిగుముఖంలో ఉంది కాబట్టి రానున్న ఏళ్లలో ఈ ఇబ్బంది పెరుగుతుంది.

అందుకని 7 మెగాహెర్ట్జ్ నెట్‌ని ఆదివారం పొద్దున ఏడున్నరకి మార్చండి. రోజూ పెట్టాలనుకుంటే సాయంత్రం ఐదున్నర. నడిమధ్యాహ్నం వద్దు, అప్పుడు కింది డి పొర సిగ్నల్‌ని మింగేస్తుంది. ఉద్యోగాల వల్ల రాత్రి తప్ప కుదరనివాళ్లకి వారానికి రెండు రోజులు రెండు మీటర్లలో, రిపీటర్ లేకుండా నేరుగా నెట్ పెట్టండి. మీది డెల్టా, నేల సమతలం. ఇద్దరి యాంటెన్నాలూ నేల నుంచి 15 మీటర్ల ఎత్తున ఉంటే రేడియో చూపు మేర సుమారు 32 కిలోమీటర్లు. లెక్క తేలికే: ఒక్కో యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి, రెండూ కూడి, 4.12తో గుణించాలి. కొబ్బరితోటల మధ్య కొంత తగ్గుతుంది. అయినా మూడంతస్తుల డాబాలు నాలుగైదు చేతిలో ఉంటే రిపీటర్ అవసరం లేకుండానే మొదలుపెట్టవచ్చు.

నెట్‌లో జరుగుతున్నది హాజరు పట్టీ చదవడమే అయితే వేళ మార్చినా లాభం లేదు. కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే పిలుపు పేరు) చెప్పడం, ఫైవ్ నైన్ (బాగా వినబడుతోంది) అనడం, సెవెంటీ త్రీ (శుభాకాంక్షలు) చెప్పి వెళ్లిపోవడం. దీనికోసం ఎవరు అన్నం ముందు నుంచి లేస్తారు? ప్రతి నెట్‌కీ ఒక రోజు ముందే ఒక ప్రశ్న ఇవ్వండి, వచ్చేవాళ్లు తమ సెట్ దగ్గర కొలిచి జవాబు తేవాలి. ఉదాహరణకి: మీ బ్యాటరీ వోల్టేజ్ ఎంత, మైకు నొక్కితే ఎంతకి దిగుతోంది? ఇంకో వారం: మీ ఇంట్లో నాయిస్ ఎంత? సెట్‌ని బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ చూడమనండి. ఎస్-7 నుంచి ఎస్-2కి పడిపోయిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలు ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే ఎల్‌ఈడీ బల్బు డ్రైవరో, చౌక చార్జరో, డాబా మీది సోలార్ ఇన్వర్టరో దొరుకుతుంది. మెయిన్ ఆపినా నాయిస్ తగ్గలేదంటే బయటిది, అప్పుడు పక్క వీధిలో ఉన్న సభ్యుడి కొలతతో పోల్చుకోవాలి. ఇలాంటి ప్రశ్న ఒకటి పెట్టిన నెట్‌లో పది నిమిషాల మాట దానంతటదే అరగంట సాగుతుంది. నెట్ కంట్రోల్, అంటే నెట్ నడిపేవారు, ఎప్పుడూ ఒకరే ఉండకూడదు, వారానికొకరు మారాలి, నెలకొకసారి తప్పనిసరిగా కొత్తవాళ్ల చేతికి ఇవ్వాలి. కొత్త కాల్‌సైన్‌ని అందరికంటే ముందు పిలవాలి. తెలుగులో మాట్లాడనివ్వండి. ఇంగ్లిషులో తప్పు దొర్లుతుందన్న భయంతో మైకు నొక్కని పిల్లలు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు.

రిపీటర్ సంగతి. ‘సరిగా పనిచేయడం లేదు’ అన్నారు గానీ ఎలా పనిచేయడం లేదో రాయలేదు. కొనే ముందు ఒక పూట పరీక్షకి కేటాయించండి. మొదటిది, ట్రాన్స్‌మిట్ అవుతున్నప్పుడు సెట్ టెర్మినళ్ల దగ్గరే వోల్టేజ్ చూడండి. 13.5 ఉన్నది 11.5 కిందికి దిగితే బ్యాటరీ గానీ, తుప్పు పట్టిన లగ్గులు గానీ కారణం. అక్కడ బాగుంటే రెండోది: పది కిలోమీటర్ల దూరం నుంచి ఒకరిని చేతి సెట్‌తో బలహీనమైన సిగ్నల్‌తో పలకమనండి. రిపీటర్ ట్రాన్స్‌మిటర్ ఆపి రిసీవర్ స్పీకర్లో వినండి, తర్వాత ట్రాన్స్‌మిటర్ వేసి వినండి. వేయగానే ఆ గొంతు బుస్సుమనే శబ్దంలో మునిగిపోతే ట్రాన్స్‌మిటర్ తన రిసీవర్‌నే చెవిటిదాన్ని చేస్తోందని అర్థం. రెండు మీటర్లలో రాకకీ పోకకీ మధ్య ఎడం 600 కిలోహెర్ట్జ్ మాత్రమే, అందుకే ఒకే యాంటెన్నా మీద ఆ రెండిటినీ విడదీసి ఉంచే డూప్లెక్సర్ మీద అంత భారం పడుతుంది. మూడోది, యాంటెన్నా విప్పి ఆ చోట 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకి బదులు పవర్‌ని మింగే రెసిస్టర్) పెట్టి, చేతి సెట్‌ని గది బయటికి తెచ్చి తక్కువ పవర్‌లో అదే పరీక్ష చేయండి. ఇప్పుడు మునగడం లేదంటే లోపం టవర్ పైన ఉంది: కనెక్టర్‌లో నీళ్లు, తుప్పు పట్టిన అతుకు. ఇప్పుడూ మునుగుతోందంటే లోపం కింద ఉంది, డూప్లెక్సర్‌లోనో దాని మధ్య వేసిన తీగల్లోనో. ఒకే జల్లెడ ఉన్న కేబుల్‌తో ఆ ముక్కలు చేసి ఉంటే ముందు అవి మార్చండి, ఆర్‌జీ-400 లాంటి రెండు జల్లెడలది వేయండి. చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ డూప్లెక్సర్ స్క్రూలు తిప్పి చూడొద్దు. నానోవీఎన్‌ఏ తెచ్చి ట్యూన్ చేస్తామని ఎవరైనా ముందుకొస్తారు. మంచి డూప్లెక్సర్‌లో ఆపాల్సిన ఫ్రీక్వెన్సీ దగ్గర పడే లోయ నానోవీఎన్‌ఏ కొలత హద్దుకి కిందనే ఉంటుంది, తెర మీద అడుగు కనబడుతున్నట్టే ఉంటుంది గానీ అది పరికరం అడుగు. ఆ పని లోతైన కొలత ఉన్న పరికరంతో చేసేవాళ్లకే ఇవ్వండి. ఈ పరీక్షలన్నీ అయ్యాక కొత్తది కావాలని తేలితే అప్పుడు చందాలు అడగండి. ఏది పోయిందో, ఎందుకు పోయిందో చెప్పి అడిగితే ఇచ్చేవాళ్లకీ నమ్మకం ఉంటుంది.

కొత్తవాళ్ల విషయం. లైసెన్స్ చేతికొచ్చాక మొదటి మూడు నెలలే గండం. పిల్లవాడు ఎంతో ఆశగా సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలుస్తాడు, ఎవరూ పలకరు, నాలుగో రోజు సెట్ పక్కన పెడతాడు. కాబట్టి కాల్‌సైన్ వచ్చిన వారంలోపే ఒక పెద్దాయన ఫోన్‌లో వేళ చెప్పి, ఆ వేళకి ఆ ఫ్రీక్వెన్సీలో కాచుకుని ఉండాలి. ప్రతి కొత్తవారికీ ఒకే ఒక్క పెద్దదిక్కు, పేరు పెట్టి అప్పగించండి. అందరూ చూసుకుంటారంటే ఎవరూ చూసుకోరు. తప్పు మాట్లాడితే అందరూ వింటుండగా దిద్దొద్దు, నెట్ అయ్యాక ఫోన్ చేసి చెప్పండి. పెద్దవాళ్లకి ఇది కాస్త కష్టమే, అయినా గట్టిగా పట్టుబట్టండి. ఆడపిల్లలు చేరినప్పుడు తరగతి చీకటి పడకముందే ముగిసేలా వేళ పెట్టడం, తల్లిదండ్రులు వచ్చి కూర్చోడానికి చోటు ఉంచడం మరిచిపోవద్దు.

పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్స్‌కి మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు, వీయూ3తో కాల్‌సైన్ వస్తుంది. జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి, కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది. దరఖాస్తులు టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో, అప్పటి ఫీజూ నియమాలూ అక్కడే చూసుకోండి. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో శిక్షణ పనిలో ఉంది, పాఠాలకి వాళ్ల సాయం అడగవచ్చు.

సెట్ కొనే స్తోమత లేనివాళ్లకి ఇంకో దారి ఉంది, అది క్లబ్బుకి కూడా మేలు చేస్తుంది. హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్ (పంపడం, వినడం రెండూ చేసే సెట్) సర్క్యూట్‌ని ప్రపంచమంతా ఇళ్లలో కట్టుకుంటున్నారు. మామూలు దుకాణాల్లో దొరికే భాగాలతో ఎస్‌ఎస్‌బీ (గొంతు పంపే ఒక పద్ధతి) సెట్ తయారవ్వాలన్నదే ఆ రూపకల్పన ఉద్దేశం. లైసెన్స్ ఉన్న ఆరుగురిని జట్టు చేసి, ఆరు సెట్లు ఒకేసారి మొదలుపెట్టండి. వారానికి ఒక భాగమే, అందరూ అదే భాగం. మొదట ఆడియో ఆంప్లిఫయర్: ఇన్‌పుట్‌ని వేలితో తాకితే స్పీకర్లో బుయ్యిమనాలి. తర్వాత ఆసిలేటర్, తర్వాత మిక్సర్, అలా. ముందుకు పరుగెత్తేవాళ్లని ఆపండి, ఒకరు మూడో వారం పనిలో, ఇంకొకరు మొదటి వారం పనిలో ఉంటే జట్టు విడిపోతుంది. ఎక్కువగా తగిలే తప్పు ఒకటే: టొరాయిడ్‌కి (ఉంగరం ఆకారపు కోర్‌కి) చుట్టిన తీగ కొసల మీది ఎనామిల్ గీకకుండా సోల్డర్ పెట్టడం. పైకి అతుకు నిగనిగలాడుతుంది, లోపల కరెంటు పోదు. సోల్డర్ పెట్టాక ప్రతి కాయిల్‌నీ మల్టీమీటర్‌తో చూసి గానీ తర్వాతి భాగానికి వెళ్లనివ్వొద్దు.

కంప్యూటర్ మోడ్‌ల మీద పెద్దవాళ్ల కోపానికి జవాబు చెప్పాలి. కుర్రాళ్లు ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ మోడ్‌కి వెళ్లింది మైకంటే గిట్టక కాదు. బాల్కనీలో మూడు మీటర్ల తీగ, చుట్టూ నాయిస్, చేతిలో పది వాట్లు ఉన్నవాళ్ల గొంతు ఎవరికీ చేరదు. ఎఫ్‌టీ8 పదిహేను సెకన్ల విడతల్లో పంపుతుంది, నాయిస్ కంటే ఇరవై డెసిబెల్స్ కింద ఉన్న సిగ్నల్‌ని కూడా చదువుతుంది. అందుకే ఆ కుర్రాళ్లకి 7.074లో జపాన్ పలుకుతోంది. వాళ్ల చేతికి పని ఇవ్వండి: మీరు ఆదివారాల్లో లేపే ప్రతి డైపోల్ మీదా ఒక గంట డబ్ల్యూఎస్‌పీఆర్ (సిగ్నల్ ఎక్కడిదాకా చేరుతోందో చూసే కంప్యూటర్ మోడ్) పంపి, ఎంత దూరంలో ఎంత బలంతో వినబడిందో ఆ ఇంటి పెద్దాయనకి చూపించమనండి. ఆయన బదులుగా మోర్స్ నేర్పుతారు. ఇద్దరికీ ఒకరి అవసరం ఇంకొకరికి ఉంటే తగువు నిలవదు.

రేడియో అంటే తెలియని బయటి పిల్లల్ని పిలవాలంటే ఫాక్స్ హంట్ (‘నక్క’ అని పిలిచే దాచిన ట్రాన్స్‌మిటర్‌ని వెతికే ఆట) కంటే మంచిది లేదు. దాచేది లైసెన్స్ ఉన్నవాళ్ల చిన్న ట్రాన్స్‌మిటర్, పదుల మిల్లీవాట్లు చాలు, అది తన కాల్‌సైన్ మోర్స్‌లో చెప్తూ ఉండాలి. వెతికే జట్టుకి లైసెన్స్ ఉన్న ఒకరు తోడుండి సెట్ పట్టుకుంటారు, పిల్లలు యాంటెన్నా తిప్పుతారు. ఆ యాంటెన్నాని ఉక్కు కొలత టేపు ముక్కలతో, పీవీసీ పైపుతో గంటన్నరలో చేయొచ్చు. వెనక రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు. దానికి 20 సెంటీమీటర్ల ముందు డ్రివెన్ ఎలిమెంట్, 45 సెంటీమీటర్ల ముక్కలు రెండు, మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ. దానికి ఇంకో 32 సెంటీమీటర్ల ముందు డైరెక్టర్, 89 సెంటీమీటర్లు. డ్రివెన్ ముక్కల మధ్య 13 సెంటీమీటర్ల తీగని ‘యు’లా వంచి అతికించాలి, అది మ్యాచింగ్ కోసం. టేపు మీది పసుపు రంగు గీకకపోతే సోల్డర్ పట్టదు. దగ్గరికి వెళ్లేసరికి అన్ని వైపుల నుంచీ సిగ్నల్ ఒకేలా నిండుగా వస్తుంది, పిల్లలు అక్కడే గందరగోళపడతారు. అప్పుడు సెట్‌ని 5 కిలోహెర్ట్జ్ పక్కకి తిప్పమనండి, అదీ నిండితే సెట్‌ని ఛాతీకి ఆనించి ఒంటిని అడ్డుపెట్టి చుట్టూ తిరగమనండి. సిగ్నల్ బాగా తగ్గినప్పుడు నక్క వాళ్ల వీపు వెనక ఉన్నట్టు. చుట్టుపక్కల ఇనుప గేట్లు, నీళ్ల ట్యాంకులు ఉంటే ప్రతిఫలనాలు దారి తప్పిస్తాయి, మొదటిసారి మామిడితోటో కాలేజీ మైదానమో ఎంచుకోండి.

బడిలో అయితే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెళ్లే వేళ చూసుకుని అదే టేపు యాంటెన్నాతో 145.800 మెగాహెర్ట్జ్ వినిపించండి. అక్కడి నుంచి ఎస్‌ఎస్‌టీవీ (రేడియో మీద నెమ్మదిగా వచ్చే బొమ్మలు) చిత్రాలు పంపే రోజుల్లో ఒక్కో చిత్రం రావడానికి రెండు నిమిషాలు పడుతుంది, తెర మీద గీత గీతగా దిగుతుంటే పిల్లలు కదలరు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద మన హామ్‌ల కోసమే హామ్‌శాట్ ఉపగ్రహం వెళ్లిందని కూడా చెప్పండి, 2014 దాకా అది పనిచేసింది. పెద్ద పిల్లలకి పాత డీటీహెచ్ డిష్ ఒకటి దొరికితే క్యూఓ-100 అనే ఉపగ్రహాన్ని వినడం మంచి పని. మీ దగ్గర నుంచి అది పడమర వైపు సుమారు 25 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డిష్ ముందుండే మామూలు ఎల్‌ఎన్‌బీకి 12 నుంచి 13 వోల్టులు ఇస్తే నిలువు పోలరైజేషన్‌కి వస్తుంది, 10489 మెగాహెర్ట్జ్‌లో వచ్చే గొంతులు 740 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న ఎస్‌డీఆర్‌లో (కంప్యూటర్‌తో పనిచేసే రిసీవర్‌లో) వినబడతాయి. ఎల్‌ఎన్‌బీ వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ జరుగుతుంది, అరగంట ముందే ఆన్ చేసి ఉంచాలి. ఈ ప్రదర్శనలన్నీ క్లబ్ స్టేషన్ లైసెన్స్ కింద, లైసెన్స్ ఉన్నవాళ్ల చేతుల మీదుగా జరగాలి. లైసెన్స్ లేనివారి చేతికి మైకు ఇవ్వొద్దు, సెట్ ఇంటికి పంపొద్దు.

మీ ప్రాంతానికి ఈ క్లబ్బు ఎందుకన్నది కూడా సభ్యుల ముందు పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు మొబైల్ ఫోన్లు మూగబోయాయి. 2004 డిసెంబరు సునామీ నాడు పోర్ట్‌బ్లెయిర్‌లో భారతి ప్రసాద్ వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో అప్పటికే స్టేషన్ నడుపుతుండడం వల్ల అండమాన్ నుంచి బయటికి మాట చేరింది. నెట్‌కి నలుగురే వచ్చే క్లబ్బు అలాంటి రోజున ఒక్కసారిగా పనిచేయలేదు. సెప్టెంబరులో ఒక ఆదివారం కసరత్తు పెట్టండి: పాతిక మాటల సందేశం కాగితం మీద రాసి మూడు స్టేషన్ల గుండా పంపి, చివర రాసుకున్నదాన్ని మొదటి కాగితంతో పోల్చండి. తప్పులు ఎక్కువగా వచ్చేది అంకెల్లో, ఊళ్ల పేర్లలో. కొత్తపేట అంటే ఏ కొత్తపేట? ఊరి పేరు వెంట మండలం పేరు ఉండి తీరాలని నియమం పెట్టుకోండి, అంకెల్ని విడివిడిగా చెప్పి వెనక్కి చదివించుకోండి.

ఆ కసరత్తుకి బ్యాటరీ లెక్క కూడా చూసుకోండి. 50 వాట్ల సెట్ ట్రాన్స్‌మిట్‌లో సుమారు 10 ఆంపియర్లు, వింటున్నప్పుడు అర ఆంపియర్ తీసుకుంటుంది. అయిదింట ఒక వంతు సమయం మాట్లాడితే సగటు 2.4 ఆంపియర్లు. 42 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి ఎనిమిదిన్నర గంటలు వస్తుంది, అది కొత్త బ్యాటరీ లెక్క. మూడేళ్ల పాతదాన్ని నమ్మేముందు ఒక రాత్రంతా సెట్ వేసి ఉంచి చూడండి. క్లబ్ స్టేషన్ లైసెన్స్ ఎవరి బాధ్యత మీద ఉందో, గడువు ఎప్పటిదాకానో కూడా ఈ నెలలోనే తీసి చూడండి. ఆ బాధ్యుడు ఊరు మారి ఉంటే రెండో వ్యక్తి పేరు చేర్చే దరఖాస్తు ముందు పంపి, ఆ తర్వాతే బడుల్లో ప్రదర్శనల తేదీలు ఖాయం చేసుకోండి.